ఆమె ఉన్నదంతా చెప్పింది

చీరాల, వేటపాలెం, ఈపూరుపాలెం, జాండ్రపేట, బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు ఈ పూట రేడియో పెట్టుకున్న అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, చేతిలో పనుంటే ఆపకండి. కండెలు చుట్టుకుంటూనే, పొయ్యి దగ్గర నిలబడే వినండి. నేను మాట్లాడేది క్రైస్తవ స్త్రీలతోనే అయినా, చెప్పబోయే సంగతులు ఏ ఇంటి ఆడవాళ్లకైనా అక్కరకొచ్చేవి. పక్కింటి వదినను కూడా పిలవండి.

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆమె పేరేమిటో ఎక్కడా లేదు. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతోంది. వైద్యుల చుట్టూ తిరిగి తిరిగి, చేతిలో ఉన్నదంతా వదిలించుకుంది. జబ్బు తగ్గకపోగా ఇంకా ముదిరింది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం రక్తస్రావం ఉన్న స్త్రీ అపవిత్రురాలు. ఆమె కూర్చున్న చాపను ముట్టుకున్నవాళ్లు కూడా స్నానం చేయాలి, బట్టలు ఉతుక్కోవాలి. అంటే పన్నెండేళ్లుగా ఆమె భుజం మీద చెయ్యి వేసిన మనిషి లేదన్నమాట. పండగకు రావద్దంటారు, పెళ్లికి పిలవరు, గుడిలోకి రానివ్వరు. అలాంటి మనిషి జనంలో దూరి, వెనక నుంచి ప్రభువు వస్త్రపు చెంగు ముట్టుకుంది.

ముట్టుకోగానే బాగుపడింది. మార్కు ఆ మాట స్పష్టంగానే రాశాడు. స్వస్థత అప్పటికే జరిగిపోయింది. మరి ఏసు ప్రభువు ఎందుకు ఆగినట్టు? ఆయన వెళ్తున్నది అత్యవసరమైన పని మీద. సమాజ మందిరపు అధికారి యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. తండ్రి కాళ్ల మీద పడి బతిమాలి తీసుకువెళ్తున్నాడు. ఆయన ఊళ్లో పెద్దమనిషి, పలుకుబడి ఉన్నవాడు. అంత హడావుడిలో నడుస్తున్న ప్రభువు ఆగిపోయి, నన్ను ముట్టినదెవరని అడిగాడు. శిష్యులకు కూడా ఆ ప్రశ్న విడ్డూరంగానే తోచింది. ఇంతమంది తోసుకుంటుంటే ఎవరని అడుగుతావేమిటన్నారు. ఆయన మాత్రం కదలలేదు. ఆమె వణుకుతూ వచ్చి, సాగిలపడి, జరిగిందంతా చెప్పుకుంది.

ఎన్నిసార్లు చదివినా నన్ను కదిలించేది ఈ ఘట్టమే. పన్నెండేళ్ల బాధ చెప్పుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క ముక్కలో తేలేది కాదు. ఏ వైద్యుడి దగ్గరకు పోయిందో, ఎంత ఖర్చయిందో, ఎవరు ఏమన్నారో, అన్నీ చెప్పుకుని ఉంటుంది. యాయీరు పక్కనే నిలబడి తల్లడిల్లిపోతూ ఉంటాడు. అయినా ప్రభువు ఆమెను తొందరపెట్టలేదు. వొంటి జబ్బు చెంగు ముట్టుకున్నప్పుడే పోయింది. ఆయన ఆగింది మిగిలిన బాధ వినడానికి. విన్నాక కుమారీ అని పిలిచి, సమాధానంతో పంపించాడు.

ఆ స్త్రీ ఎక్కడో గలిలయలో మాత్రమే లేదు, మన ఊళ్లలో కూడా ఉంది. మన సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనలు, ఇళ్లలో గృహకూడికలు జరుగుతుంటాయి కదా. అక్కడ ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు ఒకసారి గమనించండి. వేటపాలెంలో జీడిపప్పు తీసే అమ్మ ఒకామె కూర్చుని ఉంటుంది. జీడిగింజల రసానికి వేళ్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. బూడిద రాసుకుని పని చేసినా ఆ రసం ఊరుకోదు. ఆమె వంతు రాగానే పెద్దబ్బాయి ఉద్యోగం కోసం అంటుంది. తర్వాత ఆయన తాగుడు మానాలని, ఆడపిల్లకు మంచి సంబంధం రావాలని, మామగారికి బీపీ తగ్గాలని అంటుంది. నీకోసం ఏం అడగమంటావమ్మా అని పాస్టరమ్మ గారు అడిగితే, నాకేముందండీ, వాళ్లు బాగుంటే నేను బాగున్నట్టే అని తల దించుకుంటుంది. ఆ నడుంనొప్పి, ఆ ఆయాసం, నెలలో పదిహేను రోజులు బట్ట మార్చుకునే అవస్థ, ఏవీ ఆ మనవుల్లోకి రావు. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో సగం మందికి అవే బాధలు ఉండి ఉంటాయి. ఎవరి మటుకు వాళ్లు మింగుకుని ఆమెన్ అంటారు.

దీన్ని మనం ఓర్పు అంటున్నాం, భక్తి అంటున్నాం. నేనైతే అలా ఒప్పుకోలేను. ప్రభువు ఆగి మరీ చెప్పించుకున్న సంగతిని మనం నోరు మూసుకుని దాచుకుంటే, దాన్ని భక్తి అని ఎలా అంటాం?

దాచుకున్నది ఎక్కడికి దారి తీస్తుందో చెబుతాను. గర్భసంచి ఆపరేషన్ల సంగతి మీకందరికీ తెలుసు. ఈ వీధిలో ఇద్దరు, ఆ వీధిలో ముగ్గురు చేయించుకునే ఉంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి 3 మందికి కాస్త పైన ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది ఉన్నారు. 2015-16 సర్వేలోనూ అంతే, 2019-21 సర్వేలోనూ అంతే. దేశంలోనే మనది ముందు వరుస. చాలామంది నలభై కూడా రాకముందే చేయించుకుంటున్నారు.

ఎందుకిలా అవుతోందంటే, కారణం ఒక్కటే అని చెప్పలేం. మిరపకోతకు పోయే ఆడమనిషికి చేను దగ్గర చాటు ఉండదు, బట్ట మార్చుకునే చోటుండదు. నెలలో వారం రోజులు కూలి పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు. పిల్లలు పుట్టేశారు, ఇంక ఈ సంచి ఎందుకని ఇంట్లోవాళ్లంటారు. తెల్లబట్ట అవుతోందని, నడుం లాగేస్తోందని డాక్టరు దగ్గరకు పోతే, సంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సర్‌ అవుతుందనే మాట వినపడుతుంది. ఆ మాట చెవిన పడ్డాక ఇంక నిద్ర పట్టదు. అప్పు చేసో, మెళ్లో గొలుసు తాకట్టు పెట్టో ఆపరేషన్ చేయించుకుంటుంది. పీడ వదిలిందని నాలుగు రోజులు సంతోషిస్తుంది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన మనిషి అవుతుంది. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, ఊరికే ఏడుపు రావడం మొదలవుతాయి. ఆ ఏడుపెందుకో ఆమెకే తెలియదు, మొగుడికి అసలే తెలియదు.

అమ్మా, ఆపరేషన్ తప్పనిసరైన సందర్భాలు ఉన్నాయి. నేను వైద్యులను తప్పు పట్టడానికి కూర్చోలేదు. అయితే ఈ నాలుగు మాటలు మాత్రం గుర్తుంచుకోండి. తెల్లబట్ట చాలాసార్లు ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, మాత్రలతో పోతుంది. ముట్టు ఎక్కువ కావడానికి థైరాయిడ్ ఉండొచ్చు, హార్మోన్ల తేడా ఉండొచ్చు, గడ్డలుండొచ్చు. అందులో చాలావాటికి మందులున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ భయం ఉంటే దానికి పరీక్ష ఉంది, 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు. 9 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సంచి తీసేయాలని ఒక డాక్టరు అంటే, రెండో డాక్టరుకు చూపించుకునే హక్కు మీకుంది. అనవసరంగా గర్భసంచులు తీసేయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. బైబిల్లోని ఆమె కూడా ఎందరో వైద్యులకు డబ్బు పోసి మోసపోయింది, ఆ సంగతి చెప్పడానికి సువార్తికుడే మొహమాటపడలేదు.

కథలో ఇంకో మనిషి ఉంది, యాయీరు కూతురు. ఆ పిల్లకు పన్నెండేళ్లు. ఈమెకు జబ్బు మొదలైన ఏడే ఆ పిల్ల పుట్టింది. ప్రభువు వెళ్లేసరికి ఇంటి నిండా ఏడుపులు, రోదనలు. పిల్ల చెయ్యి పట్టుకుని లేపాడు. లేచి నడిచింది. అందరూ నిశ్చేష్టులై చూస్తుంటే ఆయన చెప్పిన మాట ఏమిటో గుర్తుందా? పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. చనిపోయిన పిల్లను లేపిన వెంటనే ఆయనకు ఆమె ఆకలి గుర్తొచ్చింది.

మనింట్లో పన్నెండేళ్ల పిల్లల సంగతి చూసుకుందాం. పెద్దమనిషైన పిల్లకు ఫంక్షన్ చేస్తాం, పట్టులంగా కుట్టిస్తాం, బంధువులందరికీ భోజనాలు పెడతాం. ఆ పిల్ల ఒంట్లో రక్తం ఎంతుందో మాత్రం చూడం. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 సర్వే తేల్చింది. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు మన తల్లులది, మనది, మన కూతుళ్లకు కూడా నేర్పుతున్నది. బళ్లో ఆడపిల్లలకు వారానికొకటి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. వాసన బాగోలేదని బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చేస్తారు. దగ్గరుండి మింగించండి. మింగిన వెంటనే టీ తాగనివ్వకండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండిన నీళ్లో, జామకాయో ఇవ్వండి. తెనాలి నిమ్మకాయల మార్కెట్ పక్కనే ఉండి మనకు నిమ్మకాయకు కరువేమిటి? తోటకూర, మునగాకు, శనగలు, బెల్లం, గుడ్డు, చేప, ఏది దొరికితే అది పెట్టండి. పిల్లకు పెట్టేటప్పుడు మీ కంచంలో కూడా వేసుకోండి. వారానికి రెండు మూడు రోజులు ఉపవాసం ఉండే అక్కలకు ఒక మనవి. రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పినప్పుడు ఉపవాసం వాయిదా వేసుకోండి. ప్రభువు ఏమీ అనుకోడు, తినడానికి పెట్టమని చెప్పినవాడాయన.

ఈ ప్రాంతపు ఆడవాళ్లకు సువార్త ఏ దారిన వచ్చిందో కూడా కాసేపు తలుచుకుందాం. 1854 నూతన సంవత్సరం రోజున ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకరించి ప్రార్థించారని బాప్టిస్టు సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. జ్యూయెట్ దొర గారి భార్య ఒకరు, జూలియా, రూతు మిగిలిన ఇద్దరు. తర్వాత కాలంలో బైబిల్ స్త్రీలు అని ఒక వరస వచ్చింది. చాలామంది మన తెలుగు ఆడవాళ్లే, కొందరు వితంతువులు. చంకన సంచి, అందులో సువార్త పుస్తకం, అక్షరాల పుస్తకం. ఎండలో నడిచి ఇంటింటికీ వెళ్లి, అరుగు మీద కూర్చునేవాళ్లు. కూర్చుని బోధించేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు, ఇంటి ఆడవాళ్లు చెప్పేది వినేవాళ్లు. గడప దాటని ఆడమనిషికి తన గోడు చెప్పుకోవడానికి దొరికిన మొదటి బయటి మనిషి ఈ బైబిల్ స్త్రీయే అయ్యేది.

1883లో గుంటూరుకు ఆనా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి వచ్చారు. ఆమె డాక్టరే అయినా, లూథరన్ మిషన్ మొదట ఆమెకు అప్పగించింది ఆడపిల్లల బడి పని, ఇళ్లలోని స్త్రీల మధ్య జెనానా పని. అయితే ఆమె కళ్ల ముందు మగ డాక్టరుకు చూపించుకోలేక, కాన్పుల్లో, కాన్పుల తర్వాత చచ్చిపోతున్న ఆడవాళ్లు కనపడ్డారు. బడి చూసుకుంటూనే ఇంటింటికీ వెళ్లి వైద్యం చేశారు. చివరికి మిషన్ కూడా ఒప్పుకోక తప్పలేదు. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి అంటే ఇప్పటికీ తెలియనివాళ్లు లేరు. తమ ఇంట్లో కాన్పు క్షేమంగా జరిపించినందుకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆ ఆసుపత్రి దగ్గర, రోగుల వెంట వచ్చినవాళ్లు దిగడానికి సత్రం కట్టించారు. అదే దారిలో మన చీరాలలో డాక్టర్ మేరీ బేర్ పేరు మీద బేర్ ఆసుపత్రి నిలబడింది. ఈ చుట్టుపక్కల ఊళ్ల ముసలమ్మలను అడగండి, ఫలానా కొడుకు బేర్ ఆసుపత్రిలోనే పుట్టాడని చెబుతారు.

ఇదంతా చరిత్ర పాఠంగా చెప్పడం లేదమ్మా. మన ముత్తవ్వల దగ్గరకు సువార్త వచ్చినప్పుడు ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో మందు సీసా ఉన్నాయి. నోటితో చెప్పిన మాటకంటే ముందు చెవితో విన్న మాట ఉంది. ఇప్పుడు మనకు పెద్ద పెద్ద పందిళ్లు ఉన్నాయి, మైకులు ఉన్నాయి, మహాసభలు ఉన్నాయి, సెల్‌ఫోన్‌లో ఇరవై నాలుగు గంటలూ ప్రసంగాలు ఉన్నాయి. అరుగు మీద కూర్చుని వినే మనిషి మాత్రం తగ్గిపోయింది. ఆ మనిషిని మళ్లీ సంపాదించుకోవాలి. డబ్బులక్కర్లేని పని ఇది. అనుభవం ఉన్న ఒక నర్సమ్మ, రిటైరైన ఒక టీచరమ్మ, మాట దాచుకోగల ఒక పెద్దామె సంఘానికి ఒకరుంటే చాలు. విన్న మాట వీధిలో వేయకుండా ఉండాలి, అదే అసలు అర్హత.

ఇంటి పనుల సంగతికి వస్తాను. సామెతల గ్రంథం 31వ అధ్యాయం మదర్స్‌డే నాడు చదవని సంఘం ఉండదు. తెల్లవారక ముందే లేచే ఇల్లాలు, దీపం ఆర్పని ఇల్లాలు అంటూ మనకు పనుల పట్టిక వినిపిస్తారు. చీరాల ఆడవాళ్లకు ఆ అధ్యాయం ఇంకోలా వినపడాలి. ఆమె నూలు వడికే మనిషి. కదురు పట్టుకునే మనిషి. బట్ట నేసి వర్తకులకు అమ్మే మనిషి. తానే చూసి తానే పొలం కొన్న మనిషి. మన నేతకారుల ఇళ్లలో మగ్గం గుంటలో కూర్చుని నాడె వేసేది భర్త అయితే, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, పడుగు సర్దేది, దారం తెగితే అతికేది భార్య. కండె అందకపోతే నాడె ఆగిపోతుంది. అయినా మాస్టర్ వీవర్ దగ్గర మజూరీ ఒకే చేతిలో పడుతుంది. ఎవరైనా ఏం పని చేస్తావమ్మా అని అడిగితే, ఏం లేదండీ ఇంట్లోనే ఉంటా అంటుంది. ఆ అధ్యాయం చివరికి వెళ్లి చూడండి. ఆమె చేతి కష్టం ఫలితం ఆమెకే దక్కాలని, ఊరి గుమ్మం దగ్గర ఆమె పనిని మెచ్చుకోవాలని ఉంటుంది. ఆ చివరి భాగం పాస్టరు గారు గట్టిగా చదవాలి, మగవాళ్లు కూర్చున్న వైపు చూసి చదవాలి.

2019లో కేంద్ర ప్రభుత్వం ఎవరి సమయం ఎలా గడుస్తోందో సర్వే చేసింది. ఇంటి పని చేసేవాళ్ల లెక్క చూస్తే, ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకోవడం ఇందులో కలపలేదు, అది వేరే లెక్క. దాదాపు అయిదు గంటలు జీతం లేని పని చేసి, ఆపైన కండెలు చుట్టి, ఆపైన రేపల్లె వైపు అయితే రొయ్యల షెడ్డులో ఐసుగడ్డల మధ్య నిలబడి తల వలిచి, రాత్రి ప్రార్థనలో కునుకుపాటు పడితే ఆమెకు భక్తి తగ్గిందంటారా? భక్తి తగ్గలేదండీ, అలసిపోయింది. బేతనియలో మార్త కూడా పనిలో మునిగి విసుక్కుంటే ప్రభువు ఆమెను పేరు పెట్టి రెండుసార్లు పిలిచి, అవసరమైనది ఒక్కటే అన్నాడు. ఇంట్లో అన్నదమ్ములు, కొడుకులు వింటుంటే వాళ్లకూ చెబుతున్నాను. మీ అమ్మ ప్రార్థనకు వెళ్లొచ్చేలోగా గిన్నెలు తోమి పెట్టండి. అదీ ఆరాధనే.

అత్తాకోడళ్ల గురించి చెప్పాలంటే నాకు ఎప్పుడూ నయోమి గుర్తొస్తుంది. మోయాబులో భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. తిరిగి బేత్లెహేముకు వచ్చి, నన్ను నయోమి అనకండి, చేదు అనే పేరుతో పిలవండి అంది. దేవుడు నాకు దుఃఖం కలిగించాడని బాహాటంగానే అంది. ఆమె అవిశ్వాసి అని ఎవరూ గద్దించలేదు. కోడలు రూతు ఆమె పక్కనే ఉండిపోయి, పొలంలో పరిగె ఏరుకొచ్చి అన్నం పెట్టింది. ఇంట్లో చావు జరిగాక, బిడ్డ పుట్టి పోయాక, కొడుకు అమెరికా వెళ్లి ఫోన్లు తగ్గించాక మనిషి చేదుగా మాట్లాడితే, ఆమెకు వాక్యం అప్పజెప్పడం కంటే పక్కన కూర్చోవడం మేలు. కాన్పయిన ఆర్నెల్లలో బాలింత ఊరికే ఏడుస్తున్నా, బిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదన్నా, గాలి సోకిందని తాయెత్తులు కట్టకండి, దయ్యమని రాత్రంతా కేకలు వేయకండి. అది మనసుకు వచ్చిన జబ్బు. దానికి సాయం అందించే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. షిలోహు మందిరంలో హన్నా పెదాలు కదుపుతూ ఏడుస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకుని కసిరాడు. ఆమె తన దుఃఖం చెప్పుకోగానే మాట మార్చుకుని దీవించాడు. అప్పుడు హన్నా వెళ్లి అన్నం తింది, ముఖం తేరుకుంది. పాస్టరు గార్లు ఏలీ మాట మార్చుకున్న తీరు నుంచి నేర్చుకోవాలి.

కొట్టే మొగుడి సంగతి దాటవేయలేను. మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో నూటికి 30 మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింస అనుభవించారని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో కూడా వాళ్లుంటారు. చెల్లీ, నీ ఒంటి మీద దెబ్బ పడితే అది కొట్టినవాడి పాపం, నీ విశ్వాసంలో లోపం కాదు. ఎఫెసీ పత్రికలో లోబడమన్న మాట అందరికీ కంఠతా వస్తుంది. భర్త తన శరీరాన్ని ప్రేమించుకున్నట్టు భార్యను ప్రేమించాలన్న మాట దాని కిందే ఉంది, దాన్ని ఎవరూ కంఠతా పట్టరు. ప్రార్థన చేసుకో, సర్దుకో అని ఒంటరిగా ఇంటికి పంపేసే సంఘపెద్దలకు నా విన్నపం ఒకటే. ఆమెతో పాటు మీరూ ఆ ఇంటికి వెళ్లండి, అతనితో మాట్లాడండి, అవసరమైతే ఆ రాత్రి ఆమెకూ పిల్లలకూ సురక్షితమైన చోటు చూడండి.

చట్టం కూడా ఆమె వైపు ఉంది. 2005 గృహహింస చట్టం ప్రకారం, విడిపోకుండానే రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఆపించుకోవచ్చు. ఆస్తి ఎంతున్నా, ఆదాయం ఎంతున్నా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 2001 దాకా క్రైస్తవ భార్యకు విడాకుల విషయంలో అన్యాయం జరిగేది. భర్త వ్యభిచారం ఒక్కటీ చూపించి విడాకులు తీసుకోగలిగితే, భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేయడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. ఆ ఏడు పార్లమెంటు ఆ తేడాను తీసేసింది. నేను కాపురాలు విడగొట్టమని చెప్పడం లేదు. ప్రాణం కాపాడుకునే దారి మూసుకుపోలేదని చెబుతున్నాను.

ఆస్తి సంగతి కూడా చాలామందికి తెలియదు. 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా క్రైస్తవుడు చనిపోతే, మూడింట ఒక వంతు భార్యకు, మిగిలింది పిల్లలకు సమానంగా పోతుంది. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. కేరళలో సిరియన్ క్రైస్తవ కూతుళ్లకు ఈ న్యాయం దక్కడానికి మేరీ రాయ్ అనే ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచింది. కట్నం ఇచ్చేశాం కదా, పిల్లకింకేముందని అనేవాళ్లుంటే వాళ్లకు ఈ సంగతి వినిపించండి. డ్వాక్రా గ్రూపులో మీ పేరు మీద తీసుకున్న అప్పు ఎవరు ఖర్చు పెడుతున్నారో, ఇంటి పట్టా ఎవరి పేరున ఉందో కూడా తెలుసుకుని ఉండండి.

రాబోయే శుక్రవారం ప్రార్థనకు వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. మనవులు చెప్పేటప్పుడు పిల్లల గురించి చెప్పాక, మీ గురించి కూడా ఒకటి చెప్పండి. అందరి ముందు కుదరకపోతే, పక్కనున్న ఒకామెకు చెప్పండి. అక్కడ కూడిక నడిపేది మీరే అయితే, తొందరపడి ప్రార్థన మొదలుపెట్టకండి, ఆమె చెప్పేది అయ్యేదాకా వినండి. తర్వాత ఆసుపత్రికి వెళ్లాల్సింది ఉంటే తోడు వెళ్లండి.

నంబర్లు చెబుతాను, గోడ మీదో క్యాలెండర్ మీదో రాసుకోండి. ఇంట్లో హింస ఉంటే 181. ప్రాణాపాయం ఉంటే 112. ఉచిత న్యాయ సహాయానికి 15100. మనసు బాగోలేకపోతే 14416. పిల్లలు ఆపదలో ఉంటే 1098. ఫోను మీ దగ్గర లేకపోతే పాస్టరమ్మ గారి ఫోను, ఆశా కార్యకర్త ఫోను అడిగి చేయండి.